పాలక్క పాలు తాగిన రోజు

ఆ రోజుల్లో, అంటే రెండో ప్రపంచయుద్ధం ఇంకా నడుస్తున్న కాలంలో, బెంగుళూరులో ప్రతివాళ్లూ ఏదో ఒకదానికి భయపడుతూనే ఉండేవారు. మగవాళ్లు బాంబులకు, ఆడవాళ్లు రేషను బియ్యంలో రాళ్లకు, నేను పాలకు. నవ్వకండి. పుట్టి బుద్ధెరిగింది మొదలు పాలవాసన తగిలితే చాలు, నాకు కడుపులో తిప్పేసేది. మా అవ్వ గ్లాసు పట్టుకుని వెనకాలా, నేను పావడా ఎత్తిపట్టుకుని ముందూ పరుగెత్తడం కాటన్‌పేటలో మా సందు మొత్తానికి ఉదయపు వినోదం. అలాంటి నాకు ఎస్సెస్సెల్సీ పాసయ్యాక దొరికిన మొట్టమొదటి ఉద్యోగం ఏమిటనుకున్నారు? పిల్లలకు పాలు పోయడం!

కారణం లేకపోలేదు. కూలీనాలీ చేసుకునే ఇళ్లలో రోజుకు ఒకపూట పొయ్యి వెలిగితే గొప్పగా ఉండేది. సంకటి ముద్ద నానాటికీ చిక్కిపోతుంటే, పిల్లలు దానితో పోటీపడి చిక్కిపోయేవారు. అందుకని సర్కారువారు బీద పిల్లలకు రోజూ పొద్దున ఒక గ్లాసు పాలు ఊరికే ఇవ్వాలని మా పేటలో ఒక బడి వరండాలో పాల కేంద్రం తెరిచారు. అన్ని పాలిచ్చే ఆవులు ఎక్కడివి? అందుకని సముద్రం అవతలి నుంచి పాలపొడి డబ్బాలు తెప్పించారు. ఆరోగ్యశాఖలో గుమాస్తాగా ఉన్న మా మామయ్య నా పేరు చెప్పాడు. "పెండ్లి కావాల్సిన పిల్ల, ఊరోళ్ల బిడ్డలకు పాలు పోస్తాదా?" అని అవ్వ రెండు రోజులు అలిగి అన్నం మానేసింది. (ఫలహారం మానలేదు.)

పొడి ఎలా కలపాలో శిక్షణలో ఆరోగ్యశాఖ లేడీ డాక్టరమ్మ చక్కగా నేర్పింది. మొదటిరోజు పాలు కలిపే పెద్ద అండా ముందు నిలబడేసరికి, ముందు చన్నీళ్లలో కలిపి తర్వాత వేణ్నీళ్లు పోయాలా, లేక మరిగే నీళ్లలో పొడి పోయాలా అన్నది పూర్తిగా మరిచిపోయాను. ధైర్యం చేసి మరుగుతున్న నీళ్లలో డబ్బా బోర్లించాను. క్షణంలో తెల్లటి నీళ్లలో ఉండ్రాళ్లు తేలాయి. కవ్వంతో చిదమబోతే ఒకటి రెండయ్యాయి తప్ప కరగలేదు.

వచ్చిన తల్లుల్లో గాజులక్క ఒకర్తె. బళేపేటలో గాజులు కొని, బుట్ట నెత్తిన పెట్టుకుని సందుసందూ తిరిగి అమ్ముకునేది. గాజులతోపాటు కబుర్లు కూడా తొడిగి వచ్చేది కనుక ఆమె మాటే మా పేటకు పత్రిక. ఆమె వేలు ముంచి, పైకెత్తి, అందరికీ చూపించింది.

"ఇవి పాలు కాదమ్మో! గోడకు కొట్టే సున్నం."

"పాలే అక్కా, సర్కారు ఊరికే ఇస్తుండాది" అన్నాను.

"సర్కారు సుమ్నే ఇచ్చిందా? సుమ్నే ఇచ్చేది ఒక్క జబ్బేనమ్మా!" అంది. (సుమ్నే అంటే కన్నడంలో ఊరికే అని. మా పేటలో రెండు భాషలూ ఒకే నోట్లో కాపురం ఉండేవి.)

సాయంత్రానికి పేట కబుర్లలో ఆ సున్నం కాస్తా దండులో, అంటే కంటోన్మెంటులో, ఉండే దొరల గుర్రాల పాలుగా మారింది. మరునాటికి, అవి తాగిన పిల్లలను బలిపించి యుద్ధానికి పట్టుకుపోతారని తేలింది. గాజులక్క కూతురు, ఆరేళ్ల బుడ్డి, గట్టిగా గాలి వీస్తే గోడ పట్టుకునే రకం. ఆ పిల్లను కూడా పటాలంలో చేర్చుకుంటారని వాళ్లమ్మ నిజంగానే భయపడింది. వారమంతా వరండాలో నేనూ, నా అండా, ఈగలూ.

డాక్టరమ్మ వచ్చి ఖాళీ చాపలు చూసింది. "శనివారం మళ్లీ వస్తాను. అప్పటికీ పిల్లలు రాకపోతే డబ్బాలు వేరే పేటకు పంపించేస్తారు. ఇక్కడెవరికీ ఆకలి లేదనుకుంటారు పైవాళ్లు" అంది. ఆ చివరి మాటకు నాకు అన్నం సయించలేదు. నేరుగా గాజులక్క ఇంటికి వెళ్లి బతిమాలాను. ఆమె బుట్ట దించి నన్ను ఎగాదిగా చూసి, "అంత మంచివైతే నువ్వే అందరి ముందర తాగి చూపీ" అంది.

శనివారం పొద్దున వరండా నిండిపోయింది. తాగడానికి కాదు, చూడడానికి. డాక్టరమ్మ కూడా ఒక పక్కన నిలబడింది. ఆ రోజు పాలు ఉండల్లేకుండా దివ్యంగా కలిశాయి, కానీ ఆ వాసన! కక్కానంటే పథకం కొట్టుకుపోయినట్టే. ఇష్టదైవాలందరినీ తలుచుకుని, ముక్కు పట్టుకుంటే తెలిసిపోతుందని ఊపిరి బిగబట్టి, గటగటా తాగేశాను. పాలు కిందికి వెళ్లాయి. కన్నీళ్లు మాత్రం ధారగా బయటికొచ్చాయి.

"చూడండే, ఏడుస్తుండాది! విషమే!" అని గాజులక్క కేక పెట్టింది. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని లేచారు. నోరు తెరిస్తే పాలు వెనక్కొస్తాయేమోనని నేను మాట్లాడలేను. సరిగ్గా అప్పుడే, ఈ ఉద్యోగం చాలించి నన్ను ఇంటికి లాక్కుపోదామని బయలుదేరిన మా అవ్వ గుమ్మంలోకి వచ్చింది. నా చేతిలో ఖాళీ గ్లాసు, మూతిమీద తెల్లటి మీసం చూసి గుండెమీద చెయ్యేసుకుంది.

"ఓయమ్మా! ఇది పాలు తాగిందా?"

"తాగింది గానీ ఏడుస్తుండాది అవ్వా" అంది గాజులక్క.

"ఏడవకేం జేస్తాది? పుట్టినప్పట్నించీ ఇంతే! కుంకుమపువ్వేసి ఇచ్చినా తాగలా, కాళ్లు పట్టుకున్నా తాగలా, తొడపాశం పెట్టినా తాగలా! ఈ సర్కారోళ్లు ఏం మంత్రమేసి తాగించినారప్పా?" అని అవ్వ డాక్టరమ్మకు దండం పెట్టింది.

గాజులక్క నవ్వింది. చేతులనిండా ఉన్న గాజులన్నీ మోగేలా నవ్వింది. "అట్లయితే ఈ పిల్ల ఏడ్చింది విషానికి కాదు, పాలకేనా!" అంటూ అండాలోంచి ఒక గ్లాసు తీసుకుని రుచి చూసింది. "కొంచెం మాడు వాసన ఉండాది గానీ... పాలేనప్పా. రావే బుడ్డీ!"

ఆ పొద్దున అండా ఖాళీ అయింది. డాక్టరమ్మ అవ్వకూ ఒక గ్లాసు అందిస్తే, "సాకు, చాల్లే తల్లీ, డబ్బాపాలు నాకు మడికి రావు" అని గోడదాకా వెనక్కి జరిగింది. నా చిక్కు మాత్రం అక్కడితో తీరలేదు. 'పాలక్క తాగితేనే మేమూ తాగుతాం' అని పిల్లలు శాసనం చేశారు. రోజూ నేను కళ్లు మూసుకుని తాగడం, వాళ్లు చప్పట్లు కొట్టి తాగడం. నెలాఖరున డాక్టరమ్మ అందరినీ తూచితే, అందరికంటే ఎక్కువ బరువు పెరిగింది నేనే.

ఒకరోజు బుడ్డి సగం తాగి, గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని మెల్లగా మెట్లు దిగుతోంది. గరిటెతో వెంటపడ్డాను. "ఏయ్, ఇక్కడే తాగాల! ఇంటికి తీసకపోకూడదు. సర్కారు రూలు!"

బుడ్డి ఆగి నా వైపు చూసింది. "మా తమ్మునికి వేరే సర్కారు ఉండాదా అక్కా?"

శిక్షణలో ఈ ప్రశ్న రాలేదు. ఏం చెయ్యాలో తోచక ఆ గ్లాసును అంచుదాకా నింపి, "రేపు వాణ్ణి ఎత్తుకుని రా" అన్నాను. మరునాడు తమ్ముడుగారు అక్క చంకలో ఊరేగుతూ వచ్చి, పాలు తాగి, గ్లాసు నా నెత్తికి గురిచూసి విసిరారు.

తర్వాత చాలా ఏళ్లు అదే ఆరోగ్యశాఖలో పనిచేశాను. ఫ్యాను కింద కుర్చీల్లో కూర్చుని, సర్కారు సాయం ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అని పొద్దుగూకేదాకా వాదించుకునే సభల్లో తల ఊపాను. అలాంటప్పుడు కునుకుపాటులో ఒకప్పటి నేను, ఆ పద్దెనిమిదేళ్ల పిల్ల కనబడేది. మూతిమీద తెల్లటి మీసంతో, మెట్లమీద బిత్తరపోయి నిలబడి. నవ్వొచ్చేది, కాస్త అసూయగా కూడా ఉండేది. రూళ్లన్నీ తెలిసిన మేము వారాల తరబడి తేల్చలేనిదాన్ని ఆ అమాయకురాలు, పాపం, గరిటె ఒక్కసారి వంచి తేల్చేసింది.