ఎన్రీకె వెనక మేము

అది సోమవారం, పొద్దున పదిన్నర. క్యూబాలో ఒక చిన్న ఊళ్లో విమానాశ్రయానికి వెళ్లే వ్యాన్లు ఆగే చోటు. టొరంటో నుంచి చవక ప్యాకేజీలో మనవరాలు స్రవంతితో వెళ్లాను. కరెంటు లేదు, రొట్టె లేదు అని వీధుల్లో జనం కేకలు. మా టూరిస్టు బస్సు రాలేదు. విమానం మూడింటికి. మర్నాడు కెనడాలో సార్నియా కాలేజీలో స్రవంతికి పరీక్ష. అది తప్పితే స్టడీ పర్మిట్‌కే ముప్పని పిల్ల భయం.

అక్కడ నలుగురు తలో చెట్టు కింద కూర్చున్నారు. క్యూ లేదు కదా అని నేను ముందుకు పోయి నిలబడ్డాను. టోపీ ముసలాయన చెయ్యి అడ్డం పెట్టి ఇంగ్లీషులో ఏదో అన్నాడు.

"ఏమంటాడే?"

"వచ్చినవాళ్లు చివరెవరని అడగాలట తాతా. చివర ఆయనే. ఆయన వెనక మనం. ఇక ఎక్కడైనా కూర్చోవచ్చట."

"నిలబడని క్యూ ఏమిటే? మన చెవిలో పూలు పెడుతున్నాడు."

అంతలో పోలీసులు లాఠీలతో వచ్చారు. అందరం తలో దిక్కు పరిగెత్తాం. మేము ఒక గోడ వెనక నక్కాం. స్రవంతి ఏడుపు. వంతు పోయిందనే అనుకున్నాను.

గంటకు వ్యాను వచ్చింది. ఆరు సీట్లే. మేము పరిగెత్తి వచ్చేసరికి మాలాంటి టూరిస్టులే ఇద్దరు ఎక్కబోతున్నారు. ముసలాయన తలుపు దగ్గర ఇందాకటిలాగే చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు, ఈసారి మా కోసం.

వ్యానులో అందరి పేర్లూ అడిగి రాసుకున్నాను. అరవై దాటాక నేర్చిన అక్షరాలు, వంకరగానే పడ్డాయి. వరస మాత్రం తప్పలేదు: మార్తా, లూయిస్, రోసా, ఎన్రీకె, ఆయన వెనక గంగయ్య, అంటే నేను, నా వెనక స్రవంతి.