గోడకి ఆనిన వీపు

కువైట్‌లో, అల్ రాయ్ షెడ్డులో మా వెల్డింగ్ మేస్త్రి ఎక్కడ కూర్చున్నా వీపు గోడకి ఆనించాల్సిందే. తలకి చుట్టిన తువ్వాలు ఎండైనా చలైనా తీసేవాడు కాదు. కువైట్ రాకముందు కర్నూలు వైపు ఒక కొండలోయలో, రాతిగుహ తవ్వకాలకి కూలికి వెళ్ళాడట. పొయ్యి బూడిద, కాలిన జింక ఎముకలు, వాటి మధ్య ఆదిమానవుడి పుర్రె దొరికాయట. ఆ పుర్రె మాటొస్తే నా తల వెనక బొటనవేలు పెట్టి నొక్కేవాడు.

"సరిగ్గా ఈడ పగిలింది రా. రాయితో ఎనక నుంచి కొట్టినారు. మొగం జూసి కొట్టే దమ్ము ఆ కాలంలో గూడా లేదు."

"నొప్పండీ, వదలండి మేస్త్రీ" అన్నా వినేవాడు కాదు.

ఒకరోజు వంగి పనిచేస్తున్న బెంగాలీ పెయింటర్ని ఫోర్‌మన్ వెనక నుంచి ఇనప రాడ్డుతో బాదాడు. మేస్త్రి లేచి వెళ్ళి ఫోర్‌మన్ భుజం పట్టి తనవైపు తిప్పుకున్నాడు.

"నా మొగం జూడు" అన్నాడు.

వాడు చూశాకే గుద్దాడు. వాడి ముక్కు చితికి రక్తం కారుతున్నా కాలర్ వదలకుండా గుద్దుతూనే ఉన్నాడు. ఆ పెనుగులాటలో తువ్వాలు ఊడి రక్తంలో పడింది.

పోలీసులొచ్చి చేతులు వెనక్కి విరిచి తీసుకుపోతుంటే, ఆయన్ని మొదటిసారి వెనక నుంచి చూశాను. తల వెనక, వెంట్రుకలు మొలవని లోతైన గుంట. సరిగ్గా నా తలమీద నొక్కే చోటే.