బండి కింద తడి

పోయిన బుధవారం పప్పు దించి చారుకి పోపు వేస్తున్నాను. గేటు దగ్గర సైకిలు ఆగింది. కోల్డ్ స్టోరేజీ వాచ్‌మన్. లోపలికి రాకుండానే చెప్పాడు.

"మేస్త్రీ గారు పోయారండి. తెల్లారుజామున. అయ్యగారికి చెప్పి రమ్మన్నారు."

అయ్యగారికి అన్నాడు, నాకు కాదు. పోపు మాడింది. పొయ్యి ఆర్పి, బీరువాలోంచి ఒక పాత నోటుబుక్కు తీసి, వంటింటి గుమ్మంలోనే కూర్చున్నాను.

ఆయన గురించి ఎప్పుడైనా రాస్తానని నేను అనుకోలేదు. ఆయన చేసిన మేలు వల్ల మిరప కళ్ళాల మధ్య నుంచి సుఖంగా ఊపిరి పీల్చుకుంటూ ప్రయాణాలు చేశాను. ఆయన చేసిన మోసం వల్ల ఒక వేసవి పోగొట్టుకున్నాను. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. సగం చెప్పి ఊరుకోవడం నాకు చేతకాదు. పాలపద్దు దగ్గర్నుంచి అన్నీ పూర్తిగా రాసుకునే అలవాటు నాది. అందుకని రెండూ ఈ నోటుబుక్కులోనే రాస్తున్నాను.

గుంటూరులో మా ఇల్లు మిరపకాయల యార్డుకి రెండు వీధుల అవతల. నాకు ఉబ్బసం. మాఘమాసం నుంచి కిటికీలు మూసుకునే బతుకు. ఇంట్లో అయితే తడిగుడ్డలు కట్టుకుని ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని. సింగరాయకొండ వెళ్ళాలంటేనే ప్రాణాల మీదికొచ్చేది. దారి పొడవునా కళ్ళాల్లో ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. బస్సు ఎక్కితే చిలకలూరిపేట చేరకుండానే ఆయాసం మొదలు.

సింగరాయకొండలో మా అక్క ఉంది. తల్లి లేని నన్ను పెంచింది ఆవిడే. కుడిచెయ్యి పడిపోయాక నెలనెలా వెళ్ళి, కుంకుడుకాయలతో తలంటి జడ వేసి వచ్చేదాన్ని. మోకాళ్ళు దాటే జుట్టు. ఎడంచేత్తో దువ్వుకోగలదు గానీ జడ అల్లుకోలేదు. పక్కింటివాళ్ళు వేస్తామన్నా ఒప్పుకునేది కాదు. "నా జుట్టు చిక్కులు నా చెల్లెలికే తెలుసు," అనేది. మాఘం నుంచి వైశాఖం దాకా నేను వెళ్ళలేకపోతే ఆ జుట్టు గడ్డలు కట్టేది.

మావారికి ఒక కారుంది. పొగాకు కొనడానికి వచ్చిన దొర ఒకాయన స్వదేశం వెళ్ళిపోతూ అమ్మిన అమెరికా కారు. రెండే తలుపులు, ఎనిమిది సిలిండర్లు, కుంకుమ రంగు. స్టార్టు చేస్తే వీధి చివర పత్తి జిన్నింగు మిల్లు ఆడినట్టే ఉంటుంది. స్టీరింగు ఎడమవైపు. అందువల్ల కుడివైపు కూర్చునేది నేను. "ఒరేయ్, ఆవిణ్ణి చూడరా! స్టీరింగు లేకుండానే తోలేస్తోంది!" అని మార్టూరు దగ్గర ఎవరో అరిస్తే, దారంతా నవ్వుకున్నాం.

ఆ కారుకి ఏసీ పెట్టిద్దామని మావారే అన్నారు. అద్దాలు బిగించుకుని వెళ్ళొచ్చు, ఘాటు లోపలికి రాదు. మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో యంత్రాలు చూసే మేస్త్రీ గారిని పిలిపించారు. యాభై దాటిన మనిషి. ఖాకీ చొక్కా, చెవి మీద సుద్దముక్క. ఆదివారం ఒక్క పూట చర్చికి తెల్లచొక్కా.

"కారుకి ఏసీ పెట్టగలవా మేస్త్రీ?"

"వేల బస్తాల మిరపకాయల్ని చల్లగా చూసుకుంటున్నానండి. అమ్మగారు ఒక్కరేగా!"

మావారు ఒక్క షరతు పెట్టారు. దొర ఇచ్చిన కారు ఇచ్చినట్టే ఉండాలి. ఎక్కడా రేకు కొయ్యకూడదు.

మద్రాసులో పాత సామాన్ల కొట్లలో తిరిగి, తుక్కుకి పోయిన ఒక కారు తాలూకు కంప్రెసరు, చల్లని గాలినిచ్చే కాయిలు తెచ్చారు మేస్త్రీ గారు. మా పెరటి షెడ్డులో నెలన్నర పని. లారీ స్ప్రింగు పట్టీని వంచి కంప్రెసరుకి పీట చేశారు. లేతు కొట్టులో చక్రం కోయించి బెల్టు తగిలించారు. గొట్టాల్లో గ్యాసు ఎక్కించిన రోజు వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి, "అమ్మా, కాసిని కుంకుడుకాయలు నలగ్గొట్టి నురుగు తీసిస్తారా?" అని అడిగారు.

"తలంటుకుంటారా ఏమిటి ఈ వేళప్పుడు?"

"కారుకండీ. సబ్బు నురుగు చప్పున చస్తుంది, కుంకుడు నురుగు నిలబడుతుంది. గ్యాసుకి మొహమాటం ఉండదమ్మా, సందు దొరికితే చెప్పకుండా పోతుంది. పోయేచోట బుడగ లేస్తుంది."

ప్రతి అతుకుకీ నా కుంకుడు నురుగు పూసి, దీపం పట్టుకుని చూశారు. రెండుచోట్ల బుడగలు లేచాయి. మళ్ళీ బిగించారు.

ఇంకో పరీక్ష ఇప్పటికీ మరిచిపోలేను. తలుపుల సందులకి సైకిలు ట్యూబు ముక్కలు అతికించాక ఆయన కారులో కూర్చుని అద్దాలు ఎత్తేశారు. నన్ను వీధి గుమ్మంలోకి పంపేసి, కారు పక్కన కుంపటి మీద మూకుడు పెట్టించి, గుప్పెడు ఎండుమిరపకాయలు మాడ్పించారు మా పనిమనిషి చేత. తాను తుమ్మితే లీకున్నట్టు అన్నారు. రెండుసార్లు తుమ్మారు. పెడల్స్ వెళ్ళే కంతలోంచి పొగ వస్తోందని పట్టుకుని, దానికి తోలుముక్క కుట్టారు. మళ్ళీ మూకుడు. ఈసారి పావుగంట కూర్చుని నవ్వుతూ దిగారు. బయట మా పనిమనిషి మాత్రం దగ్గి దగ్గి, "మీ కారు సల్లగుండ, నా పేణం పోతాంది మేస్త్రీ!" అని తిట్టింది.

నా ఊపిరి కోసం మిరప పొగలో కూర్చున్న మనిషి ఆయన. అందుకే తర్వాత జరిగింది నాకు అరగలేదు.

నోటుబుక్కు పెట్టించింది ఆయనే. "రాయని రిపేరు రిపేరు కాదమ్మా. ఏ ఊళ్ళో ఇంజను వేడి చూపే సూది ఎంతలో ఉందో, లోపల చల్లగా ఉందో లేదో రాయండి. నేను చూసి సరిచేస్తాను," అన్నారు. గీతలు గీసి గళ్ళు పెట్టుకున్నాను. తాళం తిప్పి ఇంజను స్టార్టు చేయడం కూడా ఆయనే నేర్పారు.

మొదటి ప్రయాణం మాఘంలో. అద్దాల అవతల కళ్ళాలు ఎర్రగా జరిగిపోతుంటే లోపల చలికి పమిట కప్పుకున్నాను. ఒక్క దగ్గు రాలేదు. అక్కకి తలంటి, నున్నగా జడ వేసి వచ్చాను. అయితే తిరిగొచ్చేటప్పుడు ఒంగోలు దాటాక సూది ఎర్రగీత తాకింది. బానెట్ లోంచి ఆవిర్లు. మావారి మొహం పాలిపోయింది.

కారు రెండురోజులు మేస్త్రీ గారి దగ్గర ఉంది. గ్యాసు సరిచూడ్డానికన్నారు. తెచ్చి అప్పగించిన రోజున, ఎప్పుడూ పని అయిన వెంటనే వెళ్ళిపోయే మనిషి గేటు దగ్గర నిలబడిపోయారు.

"బండి ఆగినచోటల్లా దిగి కింద చూడండమ్మా. ఏసీ పనిచేస్తుంటే నీళ్ళు కారతాయి. తడి అబద్ధమాడదు."

అలాగేనన్నాను. కానీ మిరప రోజుల్లో దారిలో కారు దిగడమెలా? దిగితే ఘాటే కదా! ఆ మాట పుస్తకంలో రాసుకుని ఊరుకున్నాను.

ఆ తర్వాతి ప్రయాణాల్లో సూది సగం దాటలేదు. 'మేస్త్రీ గారి చలవ' అని కూడా రాశాను. కానీ చిలకలూరిపేట దాటేసరికి లోపల గాలి వేడెక్కేది. గాలి వస్తూనే ఉంది, చల్లదనం లేదు. మూసిన అద్దాల మధ్య ఉడికిపోయి, అద్దం దించితే ఘాటు కొట్టి, రెండోసారి అద్దంకి అడ్డరోడ్డు దగ్గర్నుంచే వెనక్కి తిప్పేశాం. ఆ రాత్రంతా కూర్చునే ఊపిరి పీల్చాను.

పుస్తకం మేస్త్రీ గారికి చూపించాను. పేజీలు తిప్పి, నెమ్మదిగా చదివి, తలాడించారు.

"మధ్యాహ్నం ఎండకి అంతేనమ్మా."

అంతే అన్నారు. నేను నమ్మాను.

మావారు అదే పుస్తకం నా ముందు పెట్టారు. "నువ్వే రాశావుగా. ఏసీ ఉన్నా నీకు పడదు. ఇక వేసవిలో ప్రయాణాలు మానుకో." నా చేతిరాతే నాకు ఎదురు సాక్ష్యం. ఏమనగలను? అక్కకి వానలు పడ్డాక వస్తానని ఉత్తరం రాశాను.

వానలు పడ్డాక వెళ్ళాను. అక్క తలుపు తీసింది. మెడ దాకా కత్తిరించిన జుట్టు.

"నువ్వు రాలేనన్నావుగా. పేలు పట్టాయే. మంగలిని పిలిచి తీయించేశాను. అలా చూస్తావేంటి? తల తేలిగ్గా ఉంది!" అని నవ్వింది. నా సంచిలో కుంకుడుకాయలు అలాగే ఉన్నాయి.

తిరిగి వస్తూ మార్టూరులో టీ కోసం ఆగాం. కళ్ళాలు ఎత్తేసి చాలా రోజులైంది, ఘాటు లేదు. మొదటిసారి దారిలో దిగాను. ఒంగోలు నుంచి ఏసీ ఆడుతూనే ఉంది కదా, మేస్త్రీ గారి మాట గుర్తొచ్చి వంగి చూశాను. పొడి నేల. ఒక్క చుక్క లేదు.

మర్నాడు మావారు బయటికెళ్ళాక కారు స్టార్టు చేసి, ఏసీ పెట్టి, కింద స్టీలు గిన్నె ఉంచాను. పది నిమిషాల్లో అడుగు నిండింది. ఇంట్లో కారే నీళ్ళు దారిలో ఎందుకు కారవు? తుడిచే గుడ్డ పట్టుకుని కారంతా తడిమాను. స్టీరింగు కింద, మావారి మోకాలు తగిలేచోట చిన్న నల్ల స్విచ్చు వేలికి తగిలింది. నొక్కాను. టక్కుమంది. కంప్రెసరు ఆగి, బరువు దించుకున్న మనిషిలా ఇంజను తేలికపడింది. లోపల గాలి మాత్రం అదే జోరుగా వస్తోంది. గిన్నెలో చుక్కలు పలచబడి, ఆగిపోయాయి.

సూది ఎందుకు సగం దాటలేదో అప్పుడర్థమైంది.

మావారు దాచలేదు. "ఇంజను పోతే ఎక్కణ్ణుంచి తేను? అప్పుడప్పుడూ ఆపేవాణ్ణి. నీకు చెబితే ఊరుకుంటావా?" అన్నారు. ఆ కారంటే ఆయనకెంత మోజో నాకు పెళ్ళైన కొత్తలోనే తెలుసు. ఆయన మీద కోపం వచ్చింది గానీ, ఆశ్చర్యం కలగలేదు. గుండెలో గుచ్చుకున్నది ఇంకొకరు చేసిన పని.

ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాను. నన్ను చూసి మేస్త్రీ గారు బస్తాల మధ్య నుంచి పరుగున వచ్చారు.

"అమ్మా! మీరిక్కడికి రాకూడదు. పదండి, బయటికి పదండి."

దగ్గు ఆగేదాకా నిలబడి, "ఆ స్విచ్చు మీరేనా పెట్టింది?" అని అడిగాను.

తల దించుకున్నారు. "ఏసీ ఆడితే ఇంజను కాగుతోంది. ముందువైపు రేకు కోస్తేగానీ పెద్ద రేడియేటరు పట్టదమ్మా. అయ్యగారు కొయ్యనివ్వలేదు. స్విచ్చు పెట్టమన్నారు. బండి ఆయనది."

"బండి ఆయనదే. ఊపిరి నాది కదా మేస్త్రీ గారూ?"

ఆయన చెవి మీది సుద్దముక్క చేతిలోకి తీసుకున్నారు.

"చెయ్యకుండా ఉండలేకపోయారు, సరే. నా పుస్తకం చదివి, ఎండకి అంతేనమ్మా అన్నారే! అప్పుడైనా చెప్పొచ్చుగా?"

చేతిలో సుద్దముక్క వేళ్ళ మధ్య పొడైపోతోంది. ఇంటికి వచ్చేశాను.

మూడోరోజు ఆయనే వచ్చారు. వరండాలో మావారితో అంటున్న మాటలు లోపలికి వినబడ్డాయి.

"ముందువైపు రేకు నాలుగు వేళ్ళ మేర కొయ్యాలి బాబుగారూ. రేడియేటరుకి ఇంకో వరస గొట్టాలు, ఇంకో ఫ్యానూ పెట్టాలి. కాదంటే నేను బిగించినదంతా విప్పుకుపోతాను."

"ఏవయ్యా, బెదిరిస్తున్నావా?"

"లేదండి. లీకు కనబడ్డాక మూయకుండా నిద్రపట్టదు నాకు."

మావారు రెండురోజులు కారు చుట్టూ తిరిగారు. మూడోరోజు తాళంచెవి ఇచ్చారు. పని పూర్తయ్యాక, ఆ నల్ల స్విచ్చు వంటింటి కిటికీలో పెట్టి వెళ్ళారు మేస్త్రీ గారు. దాన్ని నా బొత్తాల డబ్బాలో వేశాను. ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత ఏ వేసవీ నేను అక్క దగ్గరికి వెళ్ళకుండా ఆగలేదు. ఆగినచోటల్లా మావారు దిగి, వంగి చూసి, "ఉంది" అనేవారు. ఆ మాట మీద రాసేదాన్ని కాదు. బండి కదిలాక వెనక అద్దంలోంచి రోడ్డు మీది మరకని నా కళ్ళతో చూసి, అప్పుడు రాసేదాన్ని. చిలకలూరిపేట, తడి ఉంది. మార్టూరు, తడి ఉంది. ఒంగోలు, తడి ఉంది. అక్క మాత్రం మళ్ళీ జుట్టు పెంచలేదు. "అలవాటైపోయిందే," అంది.

మేస్త్రీ గారు ఏటా గ్యాసు చూడ్డానికి వచ్చేవారు. కాఫీ ఇచ్చేదాన్ని, ఇంట్లో అందరూ ఎలా ఉన్నారని అడిగేదాన్ని. వెళ్ళేముందు ప్రతిసారీ అడిగేవారు. "పుస్తకం ఒకసారి చూపిస్తారా అమ్మా?"

"రాయడం మానేశానండి."

"మానకూడదమ్మా," అనేవారు మెల్లగా. నేను గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయేదాన్ని. పుస్తకం బీరువాలో ఉండేది. తాను చేసిన పని ఎంత బాగా నిలబడిందో, ఏ ఊళ్ళో ఎలా ఆడిందో ఆయనకి తెలియనివ్వలేదు. నాకు తెలియాల్సింది ఆయన దాచారు, ఆయనకి తెలియాల్సింది నేను దాచాను.

బుధవారం గుమ్మంలో కూర్చుని ఆ పుస్తకం తిప్పుతుంటే ఒకటి కంటబడింది. 'తడి అబద్ధమాడదు' అన్న మాట రాసుకున్నది కారు రెండురోజులు ఆయన దగ్గరుండి వచ్చిన రోజు పేజీలో. అప్పటికే స్విచ్చు పెట్టేశారన్నమాట. పెట్టి, గేటు దగ్గర నిలబడి, కింద చూడమన్నారు. నేనే పట్టుకోవాలని చెప్పారా, నోరు ఊరుకోక అన్నారా? ఇక అడగడానికి లేదు. ఏమైనా, నాలుగు మాటల్లో అయ్యే సంగతి నేల చేత చెప్పించారు. నేల చెప్పేలోపల అక్క జుట్టు పోయింది. అది నేను క్షమించానని రాస్తే ఈ పుస్తకంలో అదొక్కటే అబద్ధమవుతుంది.

సాయంత్రం సమాధుల తోటకి వెళ్ళాం. గోడ అవతలే మిరప కళ్ళం. పాస్టరు గారి ప్రార్థన అయ్యేదాకా పమిట ముక్కుకి అదుముకుని నిలబడ్డాను. ఏడుస్తున్నాననుకుని ఎవరో ఆవిడ నా భుజం పట్టుకుంది. కాదని చెప్పలేదు. సంచిలో నోటుబుక్కు ఉంది. ఎవరికి చూపించను?

మట్టి వేసి గేటు బయటికి వచ్చాను. నా కోసం మావారు ఏసీ ఆపకుండా ఇంజను ఆడిస్తూ ఉంచారు.

"త్వరగా ఎక్కు. ఘాటుగా ఉంది."

ఎక్కలేదు. వంగి చూశాను. ఎండిన నల్లరేగడి మట్టిలో అరచేతంత మరక. నేను చూస్తుండగానే ఒక చుక్క పడింది. మట్టి పీల్చుకుంది. ఇంకొకటి పడింది.