జర్మను దొర మాట పూర్తికాకముందే

మొన్న మా మనవరాలు ఫోనులో జర్మను పాఠం వింటూ తల పట్టుకుంది. కొన్ని క్రియలు రెండు ముక్కలవుతాయట, ఒకటి వాక్యం మొదట్లో, రెండోది ఎక్కడో చివర. ఈ భాషతో వేగలేనంది. నాకు మాత్రం నవ్వాగలేదు. ఆ రెండో ముక్క చోడవరంలో మా ఇంట్లో ఎంత పని చేసిందో దానికేం తెలుసు?

అవి యాభైల నాటి రోజులు. చెరకు ఆడటానికి మా తాతయ్య జర్మనీ ఆయిలింజను తెప్పించారు. దాన్ని బిగించడానికి విశాఖపట్నం నుంచి ఒక జర్మను దొర వస్తాడని తెలియగానే, బి.ఏ. తప్పి ఇంట్లో కూర్చున్న మా బాబాయి ఎక్కడో ఒక పాత పుస్తకం సంపాదించి ఆ భాష మొదలుపెట్టాడు. దొరతో మాట్లాడి పని గట్టెక్కిస్తే ఇంజను బాబాయి చేతికి. లేకపోతే అనకాపల్లిలో మావయ్యగారి బెల్లం కొట్లో గుమాస్తాగిరీ. అది తాతయ్య తీర్పు. ఆ కొట్టు పేరెత్తితేనే బాబాయికి అన్నం సహించేది కాదు.

నేర్చుకున్నదంతా ఇంట్లో పిల్లలం మా మీద ప్రయోగించేవాడు. వాక్యమంటే పెళ్లి భోజనాల బంతి అనేవాడు. మొదటి విస్తరి ముందు ఎవరైనా కూర్చోవచ్చు, ‘ఇప్పుడు’ కూర్చోవచ్చు, ‘చోడవరంలో’ కూర్చోవచ్చు. రెండో విస్తరి మాత్రం క్రియది, అది వియ్యంకుడిగారి చోటు. ‘ఎందుకంటే’ లాంటి అత్తగారు వస్తే ఆ క్రియ మర్యాదగా లేచి బంతి చివరికి పోతుంది. కొన్ని క్రియలకైతే తోక విడిపోతుంది. ‘మాఖెన్’ అంటే చెయ్యడం. బంతి చివర ‘అవుఫ్’ కూర్చుంటే తెరవడం, ‘త్సూ’ కూర్చుంటే మూయడం. “తోక సూసీదాకా నోరిప్పకూడదు” అని వేలు చూపించి మరీ చెప్పేవాడు.

చెప్పడం సులువే. మా ఇంట్లో ఎవరి వాక్యమూ చివరిదాకా సాగేది కాదు. తెలుగులో క్రియ చివర కదా, అది వచ్చేలోపే నాయనమ్మ అందుకుని తనకు నచ్చిన క్రియ పెట్టేసేది. ఆవిడ కడుపున పుట్టిన బాబాయికి ఆగడం ఎక్కడినుంచి వస్తుంది?

ఇంజను తిప్పిన రోజు రోలుగుంట, బుచ్చయ్యపేట బంధువులంతా కొత్త పంచెల్లో దిగారు. చెరకు రసం తొట్టిలోంచి కుళాయి గుండా బెల్లం పెనంలోకి పడుతోంది. పెనం నిండవచ్చింది. దొర చెయ్యెత్తి, నింపాదిగా, తన భాషలో, ‘ఇప్పుడు చేద్దాం మనం ఆ వెనకున్న పెద్ద తొట్టి కుళాయిని మెల్లగా’ అన్నంతవరకూ వచ్చాడు. బాబాయి ఇక ఉండబట్టలేకపోయాడు.

“కుళాయి పూర్తిగా ఇప్పీండర్రా” అని కేకేశాడు. పాలేరు ఇప్పేశాడు. అప్పుడు దొర తన వాక్యం ముగించాడు.

“త్సూ.”

రసం పెనం మీంచి పొర్లి, పొయ్యి ఆర్పి, పెద్దలందరి కాళ్లూ కడిగింది. ఆ పంచెలు ఎన్నిసార్లు ఉతికినా చీమలు వదల్లేదట.

తాతయ్య రసంలో నిలబడే, నెమ్మదిగా మొదలుపెట్టారు.

“రేపు పొద్దున్నే ఈ ఎదవని అనకాపల్లి కొట్లోకి...”



“అంపరు” అంది నాయనమ్మ.

 తాతయ్య అనబోయిన ‘పంపుతాను’ లోపలే ఆగిపోయింది. బంధువులందరి ముందూ వాక్యం పూర్తయిపోయింది. దాన్ని కాదని ఇంకోటి మొదలుపెట్టినా ఆవిడే ముగిస్తుందని ఆయనకు తెలుసు. ఇంజను బాబాయికే దక్కింది. దాని పక్కనే సుఖంగా ముసలివాడయ్యాడు.

ఇదంతా మనవరాలికి చెబుతూ, మాట దొరక్క చాలాచోట్ల ఆగాను. పిల్ల మంచిది, ఒక్కసారీ అడ్డు రాలేదు. నా ప్రతి క్రియ కోసం ఓపిగ్గా కూర్చుంది. నా నోట్లోంచి మాట లాక్కునేవాళ్లు ఒక్కరూ మిగలనంత దూరం వచ్చేశానని అప్పుడు తెలిసింది.