డ్రమ్ము కింది పసుపు

పసుపు పండే ఆర్మూరులో ఇంటికి పసుపు కొనుక్కునేవాణ్ణి చూస్తే మాకు నవ్వొచ్చేది. అందులోనూ నేను పసుపు పాలిష్ పట్టే షెడ్డులో పనివాణ్ణి. ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్ములు మా దగ్గరికి వచ్చేటప్పటికి గరుకుగా, మట్టి రంగులో, ముసలివాడి వేళ్ళలా ఉంటాయి. వాటిని పెద్ద ఇనుప డ్రమ్ములో పోసి తిప్పితే పొట్టు రాలి నున్నబడతాయి. ఆఖరున గుప్పెడు గుప్పెడు పచ్చటి రంగు పొడి చల్లి మళ్ళీ తిప్పితే పెళ్ళికూతుళ్ళలా మెరుస్తాయి. డ్రమ్ము ఆగాక కింద రాలిన పొడి పనివాళ్ళది. అది మామూలు. సాయంత్రం రుమాలులో మూట కట్టుకొని ఇంటికి తెచ్చుకునేవాళ్ళం. అదే కూరలో పడేది, అదే గడపకు పూసేవాళ్ళు, దెబ్బ తగిలితే అదే అద్దేవాళ్ళు, పిల్లకు నలుగు పెట్టినా అదే.

ఐదో తరగతిలో బడికీ నాకూ పడక ఎవరి దారి వాళ్ళం చూసుకున్నాం. అప్పటి నుంచీ నా నోరే నా చదువు. షెడ్డులో దుమ్ము ముక్కుల నిండా పట్టినప్పుడు అందరినీ నవ్వించే బాధ్యత నాది. జీతంలో అదీ కలిసే ఉందని సేటు అనేవాడు.

ఎనభైల మధ్యలో మా బిడ్డకు మూడో ఏడు నడుస్తోంది. రెండో ఏట నేర్చిన మాటలు ఒక్కొక్కటే మరిచిపోవడం మొదలుపెట్టింది. "నీళ్ళు" అనే పిల్ల చెంబు వైపు చెయ్యి చూపించి ఏడ్చేది. అన్నం ముట్టదు. కడుపు పట్టుకొని ముడుచుకుంటుంది. ముఖం పాలిపోయింది.

"మాటలు ఆలస్యంగ వస్తె రాజయోగమే," అంది మా అమ్మ.

"రాజయోగం ఏమొద్దత్తా, నన్ను అమ్మా అంటె సాలు," అంది నా భార్య.

ఊళ్ళో నులిపురుగుల మందు ఇచ్చారు, పురుగులు పడ్డాయి కానీ మాటలు రాలేదు. తాయెత్తు కట్టించాం. చివరికి నిజామాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. అక్కడ కొత్తగా ఒక పిల్లల డాక్టరమ్మ వచ్చి ఉంది. పిల్లల రోగంతో పాటు పిల్లలు బతికే చోటును కూడా చూడడం ఆమె పని. నీళ్ళు, పొగ, గోడ సున్నం, పొలం మందుల డబ్బాలు, అన్నీ అడిగేది.

"పాప ఏం తింటుంది?"

"తింటె గద మేడం."

"ఎక్కడ పడుకుంటుంది?"

"మా ఇద్దరి మధ్యల. గందుకే రెండోది ఇంక పుట్టలె."

నా భార్య నా తొడ మీద గిల్లింది. పక్కనున్న ల్యాబ్ అతను మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు.

"మీరేం పని చేస్తారు?"

"పసుపుకు మేకప్ చేస్త మేడం."

ఆమె రాయడం ఆపింది. "మేకప్ అంటే?"

"జర రంగేసి మెరిపిస్తం. లేకుంటె బయటి యాపారి మొకం తిప్పుకుంటడు."

బిడ్డ నెత్తురు తీయించి, మీ ఇంటికి వస్తానంది. ఇంటికొచ్చే డాక్టర్లు సేట్ల ఇళ్ళకే పోతారని నేనన్నాను. "ఇల్లు చూడకపోతే మీ పాపను సగమే చూసినట్టు," అంది.

అన్నట్టే ఒక పొద్దున జీపులో దిగింది, ల్యాబ్ అతను చిన్న చిన్న సీసాలు పట్టుకొని వెనకాల. అప్పుడే మా అమ్మ పిల్లకు దిష్టి తీస్తోంది. పళ్ళెంలో నీళ్ళు పోసి, పసుపూ సున్నమూ కలిపి, ఆ ఎర్రనీళ్ళు పిల్ల చుట్టూ తిప్పుతోంది.

"జర ఆగు బిడ్డ. దిష్టి తీస్తున్న, గడప దాటకు," అంది అమ్మ.

అంత పెద్ద డాక్టరమ్మ చెప్పులు విడిచి గడప అవతలే నిలబడింది. అమ్మ పళ్ళెం కింద పెట్టాక లోపలికొచ్చి దాని ముందు కూర్చుంది. కాసేపటికి పళ్ళేన్ని మెల్లగా వంచింది. పైన నీళ్ళు కుంకుమలా ఎర్రగా ఉన్నాయి. అడుగున ఒక పొర మాత్రం బరువుగా పేరుకొని, పచ్చగా అలాగే ఉంది.

"అవ్వా, సున్నం తగిలితే పసుపు ఎర్రబడాలి కదా?"

"పడ్డది గద."

"మరి అడుగున ఉన్నది?"

అమ్మ వంగి చూసింది. "గది ఎప్పుడు గంతే. మా ఇంట్ల పసుపు జర గట్టిది."

"నా లెక్కనే మేడం, ఎవరి మాట వినది," అన్నాను. ఎవరూ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ పచ్చదనాన్ని నేను గుర్తుపట్టాను. రోజూ నా గుప్పిట్లో ఉండేదే.

షెడ్డులో వేసేది రంగని మాకందరికీ తెలుసు. కానీ పసుపుతో కలిశాక అదీ పసుపే అనుకున్నాం. అంత మంగళకరమైన దాని పక్కన చేరినది చెడ్డదెట్లా అవుతుంది?

మా అమ్మకు కోపం వచ్చింది. "పసుపు విషమైతదా? నా లగ్గంల నిలువెల్ల రాసిన్రు. సచ్చిన్నా?"

"నేనంటున్నది పసుపును కాదవ్వా, దానికి వేసిన వేషాన్ని," అంది డాక్టరమ్మ. పొడి కొంచెం సీసాలో వేసుకొని పోయింది.

కొన్నాళ్ళకు పిలిపించి, నెత్తురులోనూ పొడిలోనూ సీసం ఉందని చెప్పింది.

"బిందెకు చిల్లి పడితె కరగబోసి మాటేస్తరు, గదేనా మేడం?"

"అదే. పిల్లల తలలో మాట ఉండాల్సిన చోట అది కూర్చుంటుంది."

బిడ్డను హైదరాబాద్ పంపారు. నా భార్య అక్కడి దవాఖానలో చాప మీద పడుకొని బిడ్డకు సూదులన్నీ వేయించుకొచ్చింది. ఇంట్లో పసుపు డబ్బా పారబోశాం. పొడి లేవకుండా, నేలను ఊడవక తడిబట్టతో తుడవాలంది డాక్టరమ్మ. నేను షెడ్డులోనే స్నానం చేసి, బట్టలు మార్చుకొని ఇంటికి రావాలి. కూరలోకి మాక్లూర్‌లో ఒక రైతు రంగెయ్యకుండా దంపించిన పసుపు తెచ్చుకున్నాం. అది ఎంత మసకగా ఉండేదంటే, మా అమ్మ దాన్ని చూసి "రోగమొచ్చిన పసుపు" అనేది.

రంగు బందు పెడదామా అని సేటును అడిగాను.

"రంగు లేకుంటె కొమ్ము కదలదు. నువ్వు తానం చెయ్యి, నేనేమన్న వద్దంటున్ననా? బకెట్ నేనే ఇస్త," అన్నాడు. ఇచ్చాడు కూడా. చెడ్డవాడైతే తిట్టుకొని తేలికపడేవాణ్ణి. ఆ అవకాశమూ లేదు. మర్నాడు అదే డ్రమ్ము, అదే రంగు. పని మానితే మందులెట్లా?

ఆ తరువాత డాక్టరమ్మ ఆదివారాలు షెడ్డు పనివాళ్ళుండే మా వాడకు వచ్చి, నన్ను వెంట రమ్మనేది.

"నేను చెబితే తలుపేసుకుంటున్నారు. మీరు చెబితే కనీసం నవ్వుతారు."

"నవ్వినోళ్ళు ఇంటరా మేడం?"

"కొందరు."

ఇల్లిల్లూ తిరిగాం. నేను జోకులు వేసేవాణ్ణి, ఆమె పిల్లల కళ్ళు, గోళ్ళు చూసేది. "గా డాక్టరమ్మకు పసుపు పడదంట, గందుకే మనకు వద్దంటున్నది," అని ఒకావిడ ప్రచారం చేసింది. మా కళ్ళ ముందే డబ్బా పారబోసి, జీపు మలుపు తిరగగానే మళ్ళీ నింపుకున్నవాళ్ళున్నారు. ఆమెకు అదీ తెలుసు. జీపులో తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకొని, "మళ్ళీ వద్దాం," అనేది. నా బతుకులో అంత అలసిపోయిన "మళ్ళీ" ఇంకెక్కడా వినలేదు. చెప్పిన జోకే చెప్పీ చెప్పీ నాకూ దవడలు నొప్పి పుట్టేవి. ఆ వాడలో పిల్లలెంతమందికి మేలు జరిగిందో ఎవరూ చెప్పలేరు. రాని రోగాన్ని ఎవరు చూస్తారు?

రెండు సీజన్లయ్యాక ఆమెకు బదిలీ అయింది. చివరిసారి బిడ్డను చూపించడానికి నిజామాబాద్ పోయాం. బిడ్డ అన్నం తింటోంది, బుగ్గలకు నెత్తురొచ్చింది. మాటలు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే, అవీ అడగ్గా అడగ్గా.

"ఉన్నదున్నట్టు చెప్పుండ్రి మేడం. నా బిడ్డ గిట్లనే ఉంటదా?"

ఆమె పిల్ల జుట్టు సవరించింది. "పోయిందంతా తిరిగొస్తుందని చెప్పలేను. ఇకముందు పోకుండా చూడండి. మాట్లాడుతుంది. ఎంత అన్నది నాకూ తెలియదు."

తిరుగు బస్సులో మాకు కిటికీ పక్క సీటు దొరికింది. ఆ మాట మనసులో తిరగకుండా ఉండాలని కండక్టర్‌తో పోట్లాట పెట్టుకున్నాను. బస్సు కంటే నా మేనత్త ముందు చేరుతుందని, ఈ బస్సుకు పాలిష్ కూడా మేమే పట్టాలని, ఏదేదో. బస్సంతా నవ్వుతోంది. ఒళ్ళో ఉన్న బిడ్డ ఉన్నట్టుండి అరచెయ్యి తెచ్చి నా నోటి మీద పెట్టింది.

"నాయినా. లొల్లి."

ఎవరూ అడగలేదు. తనే అంది. నా భార్య ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. నేను ఆర్మూరు వచ్చేదాకా నోరు విప్పలేదు. ఇంకో మాట వస్తుందేమోనని బిడ్డ మూతి వంకే చూస్తూ కూర్చున్నాను. రాలేదు. మాక్లూర్ దాటేసరికి నా భుజం మీద నిద్రపోయింది.