గోడను కళ్ళకద్దుకున్న పందెం

ఆ రోజుల్లో జరిగిన సంగతి ఆ రోజుల్లోనే రాసి ఉంటే ఇంకా బాగుండేదని మీరు అనవచ్చు. రాయాలని నాకూ ఉండింది. కానీ రాయడానికి అక్షరాలు కావాలి కదా, అవి నా దగ్గర లేవు. నలభై దాటాక, నేను పనిచేసే స్విమ్మింగ్‌పూల్‌లో టికెట్లు చించే అక్క, మధ్యాహ్నం పూట నీళ్ళు ఖాళీగా ఉన్నప్పుడు చిత్తుకాగితాల మీద రాయించి నేర్పింది. (‘ఋ’ దగ్గర ఇద్దరం మూడు రోజులు ఆగిపోయాం. అది ఆమెకూ సరిగ్గా రాదని తర్వాత తెలిసింది.) అంతకుముందు నాకు తెలిసినవి అంకెలు మాత్రమే. బస్సు నంబరు, చేపల తూకం, గడియారం. వాటితోనే మనిషి హాయిగా బతికేయవచ్చు. ఇరవై రెండేళ్ళప్పుడు నేను వాటితోనే ఒక అంతర్జాతీయ ఈత పోటీ దాకా వెళ్ళాను.

మాది నెల్లూరు జిల్లాలో సముద్రం ఒడ్డు పాలెం. చేపల పని తప్ప వేరే పని చేద్దామని పట్టుబట్టి నెల్లూరు వచ్చి, ఈ పూల్‌లోనే ఊడ్చే పనికి చేరాను. ఒకరోజు నా చీపురు జారి లోతు నీళ్ళలో పడింది. కట్టుబట్టలతోనే దూకి, దాన్ని పట్టుకుని, కప్పలాగా కాళ్ళు తన్నుకుంటూ గట్టుకొచ్చాను. ఈత నేర్పే సారు ఈల నోట్లో పెట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. “ఏందమ్మాయ్, ఈ ఈత నీకెవరు నేర్పినారు?” అన్నాడు. “ఎవురూ నేర్పలా సార్. పడవ కాడికి పోవాలంటే ఇట్నే పోవాల” అన్నాను. అప్పట్లో ఆడపిల్లల తల్లులు, నేర్పడానికి ఆడమనిషి కావాలని పూల్ కమిటీని అడుగుతున్నారు. కమిటీ వాళ్ళేమో, ఏదైనా పోటీలో ఈది సర్టిఫికెట్ తెచ్చినవాళ్ళకే ఆ పని ఇస్తామంటున్నారు. సారు నాకు తేల్చి చెప్పేశాడు. “సర్టిఫికెట్ తెచ్చినావా, ఆడపిల్లల బ్యాచ్ నీది. తేలేదా, చీపురు నీది.” ఆ క్షణాన చీపురు వైపు నేను చూసిన చూపు దానికి ఇప్పటికీ గుర్తుండి ఉంటుంది.

నాలుగు నెలలు పొద్దున్నే ఈదాను. సారు నియమాల కాగితం ఒకటి ఇచ్చి చదువుకోమన్నాడు. నేను దాన్ని శ్రద్ధగా చూసి, చదివేవాళ్ళు మధ్యలో ఒకసారి తల గోక్కుంటారని గమనించి ఉన్నాను కాబట్టి, నేనూ గోక్కుని, మడతపెట్టి దాచుకున్నాను. పోటీ చెన్నైలో. పెళ్ళి కాని పిల్లను ఒంటరిగా పంపరు గనక మా అవ్వ నాకు తోడొచ్చింది. రైలెక్కినప్పటి నుంచి సారుకు ఆమెతోనే పని. “ఇంతకీ ఏం పందెమయ్యా?” అని అడిగింది. “బ్రెస్ట్‌స్ట్రోక్, అవ్వా.” మా అవ్వ గుండె మీద చెయ్యేసుకుంది. “స్ట్రోకా! మా ఆయనకే అరవై దాటినాక వచ్చింది. ఇంత చిన్నబిడ్డకి స్ట్రోకేందయ్యా?” అది కప్ప ఈతకు ఇంగ్లీషు పేరని నచ్చజెప్పేసరికి గూడూరు దాటింది. అంతర్జాతీయ పోటీ అంటే అందరూ తెల్లవాళ్ళే వస్తారని మేమిద్దరం అనుకున్నాం. తీరా చూస్తే శ్రీలంక, నేపాల్, మాల్దీవుల నుంచి వచ్చిన పిల్లలు. “వీళ్ళు మన కావలి ఊరోళ్ళ మాదిరే ఉండారే” అని అవ్వ కొంచెం నిరాశపడింది.

పోటీ ముందురోజు సాయంత్రం సారు వచ్చి, “పొద్దున తొమ్మిదింటికి నీకు రెండో హీట్” అని చెప్పి వెళ్ళిపోయాడు. అవ్వ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. “రెండో హీటంట! మొదటిసారి వేడి చేసినప్పుడు నాకెందుకు చెప్పలేదు మే?” (ఈదేవాళ్ళను గుంపులుగా చేస్తే ఒక్కో గుంపును హీట్ అంటారని నాకూ తెలియదు. సారు చెప్పాడంటే వేడి చేసే ఉంటుందనుకున్నాను.) ఇంక చూసుకోండి, రెండు చెంబుల మజ్జిగ, నానబెట్టిన సబ్జా గింజలు, పొద్దున మళ్ళీ ఒక చెంబు. పందెం మొదలయ్యే లోపల నేను మూడుసార్లు బాత్‌రూమ్‌కు పరిగెత్తాను. నాలుగోసారికి వ్యవధి లేకపోయింది. నేను అంత వేగంగా ఈదడానికి అదీ ఒక కారణమే.

అది వంద మీటర్ల పందెం. ఆ చివరికి పోయి గోడను తాకి వెనక్కి రావాలి. ఇక్కడ మా పాలెం సంగతి ఒకటి చెప్పాలి. మా దగ్గర ఈదుకుంటూ పోయి పడవను చేరినవాళ్ళు ముందు కుడిచేత్తో దాన్ని తాకి, గంగమ్మను తలచుకుని ఆ చేతిని కళ్ళకద్దుకుని, ఆ తర్వాతే ఎక్కుతారు. ఎడమచెయ్యి ముందు తగిలితే, నడవడం రాని వయసులో కూడా మా అవ్వ నా చేతి మీద ఒకటి వేసేది. నెల్లూరులో సారు గట్టు మీద నిలబడి “రెండు చేతులూ! రెండు చేతులూ!” అని అరుస్తుంటే రెండూ పెట్టేదాన్ని. చెన్నైలో అరిచేవాళ్ళు లేరు. చెవుల నిండా నీళ్ళు, పక్కన నేపాలీ అమ్మాయి, ఎదురుగా గోడ. కుడిచెయ్యి తనంతట తానే ముందుకు పోయి గోడను తాకింది, ఈత కళ్ళద్దాల మీదుగానే కళ్ళకద్దుకుంది. ఆ తర్వాతే నేను వెనక్కి తిరిగాను. అంత భక్తిలోనూ నేను రెండోదాన్నిగా వచ్చాను.

బోర్డు మీద ఫలితాలు వేశారు. నాది అయిదో వరస, అంకె గుర్తుపట్టాను. అందరి పక్కనా ఏవో అంకెలు, నా పక్కన మాత్రం రెండు ఇంగ్లీషు అక్షరాలు. “అవ్వా, చూడు, అందరికీ అంకెలేసినారు, నాకొక్కదానికే అక్షరాలు!” అన్నాను. అవ్వ సంబరపడిపోయి సంచీలోంచి నువ్వులుండలు తీసి, చుట్టుపక్కల ఉన్న మూడు దేశాల వాళ్ళకూ పంచింది. సారు వచ్చేసరికి ఆయన చేతిలోనూ ఒకటి పెట్టింది. ఆయన తినలేదు.

“ఆ అక్షరాలకి అర్థం తెలుసా అమ్మాయ్?”

“ఫస్టా సార్?”

“నిన్ను పందెంలోనించి తీసేసినారని. గోడకి రెండు చేతులూ ఒకేసారి తగలాల. కాగితంలో రాసుండాది గదా, చదవలా?”

నేను నేల చూపులు చూశాను. అవ్వే అంది, “దానికి చదువు రాదయ్యా. నువ్వు అడగలా, అది చెప్పలా.” సారు ఆ నువ్వులుండ నోట్లో వేసుకుని, “రేపు పొద్దున యాభై మీటర్లుండాది. అదొక్కటే మిగిలింది. తప్పు లేకుండా ఈదితే చాలు, సర్టిఫికెట్ ఇస్తారు. ఇంక నీ ఇష్టం” అన్నాడు.

ఆ మధ్యాహ్నమంతా హాస్టలు గది గోడ ముందు నిలబడి రెండు చేతులూ కొట్టడం సాధన చేశాను. ఎన్నిసార్లు కొట్టినా కుడిది ఒక వేలెడు ముందే పోతోంది. పక్క గదిలోని మాల్దీవుల వాళ్ళు వచ్చి తలుపు తట్టి, ఏం కావాలని సైగ చేసి అడిగారు. అవ్వ మంచం మీద నుంచి చూసి చూసి, “ఏం మే, చేతులు పడిపోయేట్టు అదేం బాదుడు?” అంది. “ఎడమచెయ్యి పెట్టాలంటే మనసు రావడంలేదవ్వా. గంగమ్మ ఏమనుకుంటదో” అన్నాను. అవ్వ నా వైపు జాలిగా చూసింది. “అది పడవా ఏంది? సిమెంటు గోడ. సరే, గంగమ్మే అనుకో. దండం ఒంటిచేత్తో పెడతావా? రెండు చేతులూ కలిపి దండం పెట్టుకుంటా పో, ఎడమేదో కుడేదో ఆమే చూసుకుంటది.” అప్పుడు చూసుకుంటే, కప్ప ఈతలో ప్రతిసారీ చేతులు కలిపి ముందుకు చాపడమే ఉంది. నాలుగు నెలలుగా నేను దండాలే పెడుతున్నాను, గోడ దగ్గర మాత్రం మానేస్తున్నాను.

ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే ఆడపిల్లలకు గోడ దగ్గర “దండం!” అని అరిచి చెబుతాను. వాళ్ళు పడీపడీ నవ్వుతారు. నవ్వనీ. అంత నమ్మకంగా తప్పు చేసిన ఆ పిల్లను తలచుకుంటే నాకూ నవ్వొస్తుంది. అంత నమ్మకం ఇప్పుడు నాకు దేనిమీదా లేదనీ అనిపిస్తుంది.

మర్నాడు ఉదయం మజ్జిగ వద్దన్నాను. ఈల మోగగానే దూకి, దండం మీద దండం పెట్టుకుంటూ పోయి, రెండు అరచేతులూ గోడకు ఆనించి అట్లాగే ఉండిపోయాను. ఎన్నోదాన్నో చూడలేదు. పక్కవాళ్ళందరూ ఎక్కి, తుడుచుకుని వెళ్ళిపోయారు. తెల్లచీర కట్టుకున్న జడ్జి అమ్మ వంగి, ఇంక రమ్మని చేయి ఊపింది. నేను కదల్లేదు. సారు గట్టు వెంబడి పరిగెత్తుకుంటూ వచ్చాడు.

“అయిపోయిందమ్మాయ్, వదులు!”

“రాసినారా సార్?”

“రాసినారు!”

“అక్షరాలా, అంకెలా?”

“అంకెలే తల్లీ, అంకెలే!”

అప్పుడు వదిలాను, రెండు చేతులూ ఒకేసారి.