సారాబెన్ కలుపు

ఇంట్లో సారక్క, బళ్లో సారాబెన్. సూరత్ దగ్గర ఓల్పాడ్ వైపు ఆ పల్లెలో ఆమె పాఠం వినని గడప లేదు, చివాట్లు తినని గడప అసలే లేదు. సూరత్‌లోని పర్వత్ పాటియాలో మరమగ్గాల చప్పుడు మధ్య పుట్టిన తెలంగాణ నేతకార్మికుడి కూతురు, గుజరాతీలో చదివి టీచరై, ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చింది. మగ్గం వదిలేసిన మొగుడు దశరథం ఆమె వెనకే వచ్చి పొలం కౌలుకు పట్టాడు. పొద్దున బడి, సాయంత్రం చేను; చాక్‌పీసు పొడి కడుక్కోకముందే చేతికి మట్టి అంటుకునేది. రిటైరయ్యాక బడి ఒక్కటే పోయింది, అజమాయిషీ పోలేదు. ఏ మడికి నీళ్లు పెట్టాలో, ఏ పూట ఏ కూర వండాలో, అన్నీ ఆవిడ మాట మీదే నడుస్తాయి. దశరథం ఎదురు చెప్పడం మానేసి చాలా కాలమైంది. అందుకే ఆరోగ్యంగా ఉన్నాడని ఊళ్లో అంటారు.

ఇంత క్రమశిక్షణ గల మనిషి పొలంలో ఒకచోట మాత్రం కలుపు ఏపుగా పెరిగేది. మోటారు పక్కన పడావు చెక్క నిండా గునుగు. కూలీలు కొడవలి ఎత్తితే చాలు, ఆమె గట్టు మీంచి కేకేసేది. బతుకమ్మకు బంతి బజార్లో దొరుకుతుంది, చేమంతి దొరుకుతుంది, గునుగు ఎవరమ్ముతారు? గునుగు లేనిదే బతుకమ్మ ఎత్తు లేవదు. అందుకే ఏటా సద్దుల బతుకమ్మకు టెంపో నిండా ఆ పువ్వు ఆమె పుట్టిన గల్లీకి వెళ్లేది. ఆడబిడ్డకు పుట్టింటి నుంచి సారె రావడం లోకాచారం; సారక్క విషయంలో సారె ఎదురు నడిచేది.

పక్క పొలం మగన్‌భాయ్‌కి ఇది కంట్లో నలుసు. సారక్క దగ్గర మొట్టమొదట చదువుకున్న పిల్లల్లో అతనొకడు. గునుగు ఆమె పుట్టకముందు నుంచీ ఆ నేలలో ఉన్నదే. అయినా విత్తనాలు ఆమె చేలోంచే వచ్చి తన కందిలో పడుతున్నాయని, దానికి 'సారాబెన్ కలుపు' అని పేరు పెట్టాడు. పీకించమని అతను, ముందు నీ ఎక్కాలు సరిగ్గా అప్పజెప్పమని ఆవిడ, ఏటా గట్టు మీద తగాదా పడేవారు.

ఈసారి కొడుకు కమలాకర్ వ్యవసాయంలోకి దిగాడు. చిన్నప్పటి నుంచి ఆ గల్లీలోనే పిన్ని పద్మారాణి ఇంట్లో ఉండి చదివి, బట్టల మార్కెట్లో పనిచేసి, విసుగెత్తి వచ్చినవాడు. మగన్‌భాయ్ ఎగతాళి వాడికి రోషం తెప్పించింది. తల్లి కళ్లు చూపించుకోవడానికి సూరత్ వెళ్లిన రోజు పడావు చెక్కంతా మందు కొట్టాడు. ఆమె తిరిగొచ్చేసరికి గునుగు మాడి తలలు వాల్చేసింది.

"చూడమ్మా, అద్దం లెక్క చేసిన," అన్నాడు మురిసిపోతూ.

సారక్క మోటారు దిమ్మె మీద కూలబడింది. పండుగ ముంగిట్లో ఉంది. పద్మారాణి ఈపాటికి రంగులు కొని పెట్టుంటుంది. గల్లీ ఆడవాళ్లంతా టెంపో కోసం ఎదురుచూస్తుంటారు. ఊరందరినీ తిట్టిన నోటికి ఆ క్షణాన తిట్టు కాదు, ఏడుపొచ్చింది. కోడలు నవత మొగుణ్ణి పక్కకు లాగి, అది గునుగని చెప్పింది. వాడు తెల్లబోయాడు. "గునుగు తెల్లగుంటదని నాకేమెరుక? పిన్ని ఇంట్ల నేను చూసింది ఎర్రది, పచ్చది," అన్నాడు. పాపం, రంగులద్ది తాంబాలంలో పేర్చిన గునుగే తప్ప, చెట్టున ఉన్నది వాడు ఎన్నడూ చూడలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

అప్పుడు నవత మెల్లగా, "అత్తమ్మా, మగన్‌భాయ్ కందిల మస్తున్నది," అంది.

ఆ మాట వినగానే సారక్కకు తల కొట్టేసినట్టయింది. తిట్టడమే గానీ అడగడం ఆమెకు అలవాటు లేదు. అయినా మర్నాడు పొద్దున్నే కొంగు భుజాన కప్పుకొని గట్టు దాటింది. ఏళ్లుగా పీకమంటే పీకించని దాన్నే ఇప్పుడు ఇమ్మని అడిగింది. మగన్‌భాయ్ కడుపారా నవ్వాడు. తర్వాత చేతులు కట్టుకొని, బళ్లో నిలబడ్డట్టు నిలబడి గుజరాతీలో అన్నాడు:

"బెన్, అక్కర్లేని చోట మొలిచిందే కలుపని మీరే కదా చెప్పారు. నా చేలో అది కలుపు, మీ టెంపోలో పువ్వు. ఎక్కాలు మరిచిపోయానేమో గానీ ఆ పాఠం మరవలేదు."

సారక్క కళ్లు తుడుచుకొని, బాగుందంటూ తలూపింది. బళ్లో ఉన్నన్నాళ్లూ అతను ఆమె నోట ఆ మాట వినలేదు.

ఒక్క షరతు పెట్టాడు, వేళ్లతో సహా పీకాలని. కబురందగానే పద్మారాణి గల్లీ ఆడవాళ్లందరినీ టెంపో ఎక్కించుకొని దిగింది. పాడుతూ సాళ్ల వెంట నడిచారు. మధ్యాహ్నానికి మగన్‌భాయ్ కంది చేను నున్నగా తేలింది, కూలీ ఖర్చు లేకుండా. మోపులన్నీ కమలాకర్ చేతే మోయించింది సారక్క. ఆ ఏడు సద్దుల నాడు వాళ్ల గల్లీ బతుకమ్మ ఎత్తు చూసి పక్క గల్లీవాళ్లు కుళ్లుకున్నారు.

పండుగైన కొన్నాళ్లకు సారక్క చేనుకు వెళ్తే, పడావు చెక్కలో కమలాకర్ ఒంగి ఏదో చల్లుతున్నాడు. పూలలోంచి కొన్ని మోపులు ఎవరికీ చెప్పకుండా దాచి, ఎండబెట్టి, విత్తనం దులిపాడట. వాడి గుప్పిట్లో నల్లటి గింజలు మెరుస్తున్నాయి. సారక్క చెప్పులు విడిచి, కొడుకు పక్కన నిలబడి తానూ ఒక గుప్పెడు అందుకుంది.

గట్టవతల మగన్‌భాయ్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"వచ్చే ఏడు కూడా పీకడానికి మనవాళ్లను పంపుతాలే," అంది సారాబెన్.